నథింగ్ ఫోన్ 3కి ఎనభై వేలా? తరచుగా అడిగే ప్రశ్నలు

2025 జులై 1న లండన్‌లో ఫోన్ 3ని విడుదల చేస్తూ నథింగ్ కంపెనీ దాన్ని తమ మొట్టమొదటి అసలు సిసలు ఫ్లాగ్‌షిప్, అంటే అన్నిటికంటే పై తరగతి ఫోన్ అని చెప్పుకుంది. అప్పటి నుంచి ఈ ఫోన్ గురించి ఎవరు ఏం అడిగినా చివరికి రెండు విషయాల దగ్గరికే వస్తారు. వెనకాల ఆ అవతారం ఏమిటి? అంత ధర ఎందుకు? మిగతావి కూడా ఉన్నాయి గానీ ఈ రెండింటికే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

నథింగ్ ఎవరి కంపెనీ? చైనాదేనా?

కాదు, లండన్ కేంద్రంగా పనిచేసే కంపెనీ. పెట్టింది కార్ల్ పే. చైనాలో పుట్టి స్వీడన్‌లో పెరిగాడు. 2013లో పీట్ లావ్‌తో కలిసి వన్‌ప్లస్ మొదలుపెట్టింది ఇతనే. 2020లో అక్కడి నుంచి బయటికొచ్చి నథింగ్ పెట్టాడు. ఇండియాలో అమ్మే ఫోన్లు ఇండియాలోనే తయారవుతాయి. సహ వ్యవస్థాపకుడు అకిస్ ఎవాంజెలిడిస్ ఇండియా బాధ్యతలు కూడా తీసుకున్నాడంటే ఈ మార్కెట్ వాళ్లకెంత ముఖ్యమో అర్థమవుతుంది.

ధర ఎంత? ఆ డబ్బుకు ఏం వస్తుంది?

విడుదలప్పుడు 12 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజీ ఫోన్‌కు 79,999 రూపాయలు. 16 జీబీ, 512 జీబీ దానికి 89,999. 6.67 అంగుళాల అమోలెడ్ తెర, స్నాప్‌డ్రాగన్ 8ఎస్ జెన్ 4 చిప్, వెనక మూడు, ముందు ఒకటి కలిపి నాలుగు 50 మెగాపిక్సెల్ కెమెరాలు, 65 వాట్ల చార్జింగ్, 15 వాట్ల వైర్‌లెస్ చార్జింగ్, నీరు, దుమ్ము నుంచి ఐపీ68 రక్షణ. రంగులు రెండే, నలుపు, తెలుపు. చార్జర్ బాక్సులో రాదు, విడిగా కొనుక్కోవాలి. ఎనభై వేలు తీసుకుని చార్జర్ ఇవ్వకపోవడమేమిటని అడిగేవాళ్లకు మా దగ్గర సమాధానం లేదు. ఈ ధరలో శామ్‌సంగ్, యాపిల్ చేస్తున్నదీ అదే.

ఫోన్ 2 నలభై అయిదు వేలకే వచ్చింది కదా. ఒక్కసారిగా ఎనభై ఎలా అయింది?

ముందు ఒక సవరణ. నలభై అయిదు వేలు 8 జీబీ, 128 జీబీ ఫోన్ 2 ధర. ఫోన్ 3లో అంత చిన్న వేరియంట్ లేదు. సమానమైన వాటినే పోల్చాలి కాబట్టి 12 జీబీ, 256 జీబీ ఫోన్లనే చూద్దాం. 2023 జులైలో ఆ ఫోన్ 2 ధర 49,999. ఫోన్ 3 ధర 79,999. అంటే పెరిగింది సరిగ్గా 30,000, శాతంలో 60.

ఇప్పుడు అదే వేరియంట్ బయటి దేశాల్లో ఎంత పెరిగిందో చూడండి. అమెరికాలో 699 డాలర్ల నుంచి 799కి, అంటే 14 శాతం. బ్రిటన్‌లో 629 పౌండ్ల నుంచి 799కి, అంటే 27 శాతం. ఒకే ఫోన్, ఒకే కంపెనీ. కానీ పెంపు అమెరికాలో 14 అయితే మన దగ్గర 60.

కొత్త కెమెరా, కొత్త లైట్ల ఖర్చు అన్ని దేశాలకూ ఒకటే కదా, మనకే ఎందుకింత తేడా? దీనికి జవాబు ఫోన్ 3లో దొరకదు, ఫోన్ 2 ధరలో దొరుకుతుంది. ఆ 49,999లోంచి 18 శాతం జీఎస్టీ తీసేస్తే మిగిలేది సుమారు 42,400. అప్పటి డాలరు రేటు 82 చిల్లర ప్రకారం అమెరికా ధర 57,000 దాటుతుంది. అంటే అమెరికా కస్టమర్ కంటే మనకు పన్ను కాకుండా పదిహేను వేల దాకా తక్కువకే ఇచ్చారు. ఇండియాలో కాలు నిలదొక్కుకోవడానికి ఇచ్చిన తగ్గింపు అది. ఎవరూ దాన్ని తగ్గింపు అని పిలవలేదు కాబట్టి అసలు ధరే అంతేమో అనుకున్నాం.

ఫోన్ 3తో ఆ తగ్గింపు ఎత్తేశారు. 79,999లోంచి జీఎస్టీ తీస్తే సుమారు 67,800. 799 డాలర్లను విడుదల నాటి రేటుతో, అంటే 85 రూపాయల 60 పైసల చొప్పున లెక్కేస్తే సుమారు 68,400. రెండూ దాదాపు ఒకటే. కాబట్టి ఈ ధరలో రెండు నిర్ణయాలు కలిసి ఉన్నాయి. ఒకటి, ఫోన్‌ను పై తరగతిలోకి తీసుకెళ్లడం. రెండు, ఇండియాను అమెరికాతో సమానంగా చూడడం. మొదటిది వేదిక మీద గట్టిగా చెప్పారు. రెండోది చెప్పలేదు గానీ మన జేబుకు ఎక్కువ తగిలింది రెండోదే.

మన దగ్గర పన్నుల వల్లే కదా ఇంత ఖరీదు?

జీఎస్టీ వాటా సుమారు 12,200. తక్కువేమీ కాదు. కానీ ఫోన్ 2 మీద కూడా ఇదే 18 శాతం ఉండేది. 2020 ఏప్రిల్‌లో 12 నుంచి 18కి పెరిగాక మొబైల్ ఫోన్ల మీద జీఎస్టీ మారలేదు. 2025 సెప్టెంబరులో చాలా వస్తువులకు రేట్లు తగ్గినా ఫోన్లకు తగ్గలేదు. కాబట్టి రెండు ఫోన్ల మధ్య తేడాకు పన్ను కారణం కాదు. ఇక బ్రిటన్‌లో వ్యాట్ 20 శాతం. 799 పౌండ్లలోంచి అది తీసేసి రూపాయల్లోకి మార్చినా 78,000 దరిదాపుల్లో ఉంటుంది. వాళ్లతో పోలిస్తే మనమే నయం.

పోకో ఎఫ్7లో కూడా ఇదే చిప్ ఉందట. అది ముప్పై రెండు వేలేనట. నిజమేనా?

నిజమే. పోకో ఎఫ్7 వారం ముందే, జూన్ చివర్లో 31,999కి వచ్చింది. 12 జీబీ, 256 జీబీ, స్నాప్‌డ్రాగన్ 8ఎస్ జెన్ 4, పైగా 7,550 ఎంఏహెచ్ బ్యాటరీ. ఐకూ నియో 10లో కూడా ఇదే చిప్. దాని ధర 31,999 నుంచి మొదలు.

స్నాప్‌డ్రాగన్ పేర్లలో ఆ ‘ఎస్’ అక్షరాన్ని గమనించండి. ఈ చిప్‌లు చేసే క్వాల్‌కామ్‌కు అప్పట్లో అసలు పై చిప్ 8 ఎలైట్. అది 3 నానోమీటర్ల పద్ధతిలో తయారైంది. 8ఎస్ జెన్ 4 దానికి ఒక మెట్టు కిందిది, 4 నానోమీటర్లది. 8 ఎలైట్ ఉన్న వన్‌ప్లస్ 13 అదే ఏడాది జనవరిలో 69,999కి వచ్చింది. అదే చిప్‌తో వన్‌ప్లస్ 13ఎస్ జూన్‌లో 54,999కి వచ్చింది. నథింగ్ అడిగింది వాటికంటే ఎక్కువ, ఇచ్చిన చిప్ వాటికంటే తక్కువది.

వాడకంలో తేడా తెలుస్తుందా అంటే, వాట్సాప్, యూట్యూబ్, మ్యాప్స్, బ్యాంకు యాప్‌లకు తెలియదు. చిప్ మంచిదే, చల్లగా ఉంటుంది, ఫోన్ ఎక్కడా నత్తనడక నడవదు. భారీ గేములు గంటల తరబడి ఆడేవాళ్లకు తెలుస్తుంది. నాలుగో ఏడాదిలో, అయిదో ఏడాదిలో అందరికీ కొంత తెలియవచ్చు. చిప్‌లో మిగిలిన డబ్బు కెమెరాల మీద, వెనక భాగం మీద పెట్టారని కంపెనీ తరఫున వాదించవచ్చు. కానీ ఫ్లాగ్‌షిప్ అని పేరు పెట్టి, ఫ్లాగ్‌షిప్ ధర చెప్పి, చిప్ దగ్గర మాత్రం ‘ఇది చాల్లే’ అనడం కుదరదు. మా దృష్టిలో ఈ ఫోన్‌లో జరిగిన పెద్ద పొరపాటు ఇదే. అరవై వేలకు వచ్చి ఉంటే ఈ ప్రశ్న ఇంత మంది అడిగేవారు కాదు.

గ్లిఫ్ లైట్లు ఎందుకు తీసేశారు? నథింగ్ అంటేనే ఆ లైట్లు కదా?

ఫోన్ 1, ఫోన్ 2 గుర్తుండిపోయింది ఆ లైట్ల వల్లే. పారదర్శకమైన గాజు కింద తెల్లని చారలు, ఫోన్ మోగితే లయలో మెరవడం, చార్జింగ్ పెడితే కింది చార కొద్దికొద్దిగా నిండడం. ఫోన్ 2కి వచ్చేసరికి 33 భాగాలుగా విడివిడిగా వెలిగేలా చేశారు. మెట్రోలో ఎదురుగా కూర్చున్నవాడి చేతిలో ఉన్నది ఏ ఫోనో దూరం నుంచే తెలిసేది.

చిక్కేమిటంటే, ఆ చారలు చెప్పగలిగింది చాలా తక్కువ. ఏదో వచ్చిందని చెబుతాయి, ఏమొచ్చిందో చెప్పలేవు. ఒక్కొక్కరికి ఒక్కో వెలుగు పెట్టుకోవచ్చు గానీ ఎవరికి ఏది పెట్టామో ఎవరికి గుర్తుంటుంది? చాలామంది మొదటి నెల స్నేహితులకు చూపించి తర్వాత మర్చిపోయారు. ఫోన్ 3లో ఆ చారలన్నీ తీసేసి కుడి పై మూలన గుండ్రటి చిన్న తెర పెట్టారు. 489 చిన్న ఎల్‌ఈడీలు, 25 అడ్డం 25 నిలువు గడిలో వృత్తంగా అమర్చినవి. పేరు గ్లిఫ్ మ్యాట్రిక్స్. దాని మీద అంకెలు, చిన్న బొమ్మలు చూపించవచ్చు. ఎవరైనా ఫోన్ చేస్తే వాళ్ల కోసం మీరు పెట్టుకున్న బొమ్మ కనిపిస్తుంది, టైము కనిపిస్తుంది, చార్జింగ్ ఎంతుందో కనిపిస్తుంది.

తర్కంగా చూస్తే కొత్తదే మెరుగు. అందం సంగతి వేరు. పాత చారలు ఫోన్ ఆకారంలో భాగం, లైటు ఆర్పేసినా డిజైన్ కనిపించేది. మ్యాట్రిక్స్ ఆరిపోతే మూలన ఒక నల్లటి గుండ్రం మిగులుతుంది. ధర పెంచుతున్న ఏడాదే జనం గుర్తుపట్టే ముఖాన్ని మార్చుకోవడం ధైర్యమే. అవసరమా అంటే మాకు అనుమానమే.

మ్యాట్రిక్స్‌లో సీసా తిప్పే ఆట ఉందట. దాంతో ఏం చేస్తాం?

వెనక ఒక చిన్న టచ్ బటన్ ఉంటుంది. దాన్ని నొక్కుతూ పోతే ‘గ్లిఫ్ టాయ్స్’ ఒక్కొక్కటిగా వస్తాయి. సీసా తిప్పడం, రాయి కాగితం కత్తెర, మ్యాజిక్ బంతి లాంటివి. రెండు రోజుల సరదా. గడియారం, స్టాప్‌వాచ్, చార్జింగ్ సూచిక, వెనక కెమెరాతో సెల్ఫీ తీసుకునేటప్పుడు పనికొచ్చే అద్దం, ఇవి నిలబడతాయి. బయటి డెవలపర్లు సొంతంగా టాయ్స్ రాసుకునేందుకు కిట్ కూడా ఇచ్చారు. ఫోన్‌ను ఎప్పుడూ కవర్‌లో, అదీ నల్లటి లావు కవర్‌లో ఉంచే అలవాటుంటే మాత్రం ఈ భాగానికి పెట్టిన డబ్బంతా వృథా.

వెనక కెమెరాలు వరసలో లేవేంటి? తయారీలో లోపమా?

లోపం కాదు, కావాలనే అలా పెట్టారు. వెనక భాగాన్ని మూడు నిలువు వరుసలుగా విభజించి, దేని చోటులో దాన్ని అమర్చారు. పెరిస్కోప్ జూమ్ కెమెరా ఎడమ అంచుకు జరిగిపోయి, మిగతా రెండింటికీ పొంతన లేనట్టు కనిపిస్తుంది. పెరిస్కోప్‌లో అద్దాలు లోపల అడ్డంగా పడుకుని ఉంటాయి కాబట్టి దానికి చోటు ఎక్కువ కావాలి. మిగతా కంపెనీలు పైన ఒక పెద్ద గుండ్రటి మూతో, పలకో వేసి లోపలి గందరగోళాన్ని కప్పేస్తాయి. వీళ్లు కప్పలేదు. డిజైన్ విభాగం చూసే ఆడమ్ బేట్స్ వ్యాక్యూమ్ క్లీనర్లు చేసే డైసన్ నుంచి వచ్చినవాడు. అక్కడ కూడా యంత్రం లోపలి భాగాలను దాచకుండా చూపించడమే పద్ధతి.

మొదటిసారి ఫోటో చూసిన రోజు చాలామందికి నచ్చలేదు. చేతిలో పట్టుకున్నాక కొంతమంది మనసు మార్చుకున్నారు. నచ్చనివాళ్లను ఒప్పించడం మా పని కాదు. అన్ని ఫోన్లూ ఒకేలా ఉన్నాయని విసుక్కుంటూనే, వేరేగా ఉన్నదాన్ని చూసి వంకర అనడం మాత్రం కొంచెం తమాషాగా ఉంటుంది.

కుడి వైపు చిన్న ఎర్ర చతురస్రం కూడా ఉంటుంది. వీడియో తీస్తున్నప్పుడు అది వెలుగుతుంది. ఎదుటివాళ్లకు తాము కెమెరాలో పడుతున్నామని తెలుస్తుంది. చిన్నదే, కానీ మర్యాదైన ఏర్పాటు.

ఫోటోలు ఎలా వస్తాయి? షాపుల్లో దొంగ ఫోటోలు పెట్టారన్న మాట నిజమేనా?

మెయిన్ కెమెరా సెన్సర్ 1/1.3 అంగుళాలది, పెద్దదే. పగటి ఫోటోలకు వంక పెట్టలేం. 3ఎక్స్ పెరిస్కోప్ మనుషుల ఫోటోలకు బాగా పనికొస్తుంది, పెళ్లిళ్లలో రెండో వరసలో నుంచే తలంబ్రాలు తీయొచ్చు. అల్ట్రావైడ్ మిగతా రెంటికంటే వెనకబడుతుంది, ముఖ్యంగా రాత్రి పూట. ఇదే ధరలో దొరికే గూగుల్ పిక్సెల్ పక్కన పెడితే రంగుల్లో, కదిలే పిల్లల ఫోటోల్లో తేడా కనిపిస్తుంది.

ఫోటోల గొడవ నిజంగానే జరిగింది. 2025 ఆగస్టులో షాపుల్లో పెట్టిన డెమో ఫోన్లలో ఫోన్ 3తో తీసినవిగా చూపించిన ఫోటోలు కొన్ని వేరే కెమెరాలతో తీసి లైసెన్స్ కొన్నవని బయటపడింది. వాటిలో ఒకటి 2023లో ఫ్యూజీఫిల్మ్ కెమెరాతో తీసింది. విడుదలకు ముందు తాత్కాలికంగా పెట్టినవి మార్చడం మర్చిపోయామని ఎవాంజెలిడిస్ వివరణ ఇచ్చాడు. కావాలని చేశారని మేం అనం. కానీ కెమెరా బాగుందని ఎనభై వేలు అడుగుతున్నప్పుడు ఇలాంటి మరపు ఖరీదైనదే.

ఇండియా ఫోన్‌లో బ్యాటరీ పెద్దదట?

అవును. ఇండియాలో 5,500 ఎంఏహెచ్, మిగతా చోట్ల 5,150. బరువు, మందం విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

తెర ఎల్‌టీపీఓ కాదంటున్నారు. అంటే ఏమిటి?

ఎల్‌టీపీఓ తెర కదలని బొమ్మ ఉన్నప్పుడు సెకనుకు ఒక్కసారి మాత్రమే రిఫ్రెష్ అయి చార్జింగ్ మిగుల్చుతుంది. ఫోన్ 3 తెర 30 కంటే కిందికి దిగదు, పైన 120 వరకు వెళ్తుంది. కంటికి తేడా తెలియదు. ఎండలో బాగా కనిపిస్తుంది, నాలుగు వైపులా అంచులు సమానం. అయినా ఈ ధరకు ఎల్‌టీపీఓ ఉండాల్సిందే. చిప్ గురించి చెప్పిన మాటే దీనికీ వర్తిస్తుంది.

పక్కన అదనంగా ఉన్న బటన్ దేనికి?

దాని పేరు ఎసెన్షియల్ కీ. నొక్కితే తెర మీద ఉన్నది దాచుకుంటుంది, నొక్కి పట్టుకుంటే మీ మాట రికార్డు చేస్తుంది. అన్నీ ఎసెన్షియల్ స్పేస్ అనే చోటికి చేరతాయి. ఫోన్ బోర్లా పెట్టి నొక్కి పట్టుకుంటే మీటింగ్ మొత్తం రికార్డు చేసి రాతలో ఇస్తుంది. ఉద్యోగం ఇంగ్లిష్‌లో చేసేవాళ్లకు బాగానే ఉంటుంది. మన మీటింగుల్లో తెలుగు, ఇంగ్లిష్, హిందీ ఒకే వాక్యంలో దొర్లుతుంటాయి కాబట్టి దీన్ని నమ్మి నోట్స్ రాసుకోవడం మానేయకండి.

ఎన్నేళ్లు అప్‌డేట్లు వస్తాయి?

అయిదేళ్లు ఆండ్రాయిడ్ వెర్షన్లు, ఏడేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు అని మాట ఇచ్చారు. ఆండ్రాయిడ్ 16 ఆధారంగా వచ్చిన నథింగ్ ఓఎస్ 4.0 2025 నవంబరులోనే ఈ ఫోన్‌కు అందింది. ఎనభై వేలలో దేనికి విలువ ఉందని అడిగితే మేం ముందుగా చూపించేది సాఫ్ట్‌వేర్‌నే. శుభ్రంగా, తేలిగ్గా ఉంటుంది.

పండుగ సేల్‌లో బాగా తగ్గించారు కదా. మొదటి రోజు కొన్నవాళ్ల సంగతేమిటి?

జులైలోనే బ్యాంకు ఆఫర్లు, ఎక్స్ఛేంజ్ బోనస్‌లు కలిపి కొంత తగ్గింది. సెప్టెంబరులో ఫ్లిప్‌కార్ట్ బిగ్ బిలియన్ డేస్ వచ్చేసరికి ఆఫర్లన్నీ కలుపుకుంటే విడుదల ధరలో సగం కంటే తక్కువకే ప్రకటించారు. అంటే మూడు నెలలు కూడా నిండలేదు. జులైలో పూర్తి ధర పెట్టినవాళ్లు కోపగించుకున్నారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది.

పైన చెప్పిన ఇండియా తగ్గింపు లెక్క గుర్తుంటే ఇది వింతగా అనిపించదు. ఇండియాను అమెరికాతో సమానం చేయాలని కంపెనీ చూసింది. మార్కెట్ ఒప్పుకోలేదు. తగ్గింపు ధరలోంచి వెళ్లిపోయి సేల్ రూపంలో తిరిగొచ్చింది, అంతే. దీనివల్ల రెండు నష్టాలు. కంపెనీ మీద నమ్మకం పెట్టి ముందుగా కొన్న అభిమానే అందరికంటే ఎక్కువ కట్టాడు. అలాగే సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ఫోన్ విలువ ఒక్కసారిగా పడిపోయింది. ఐఫోన్ కొన్నవాడు ఏడాది తర్వాత అమ్మినా ఎంతో కొంత ధైర్యంగా అడగగలడు, ఇక్కడ ఆ ధైర్యం లేదు. ఎక్స్ఛేంజ్ మీద ఆధారపడి ఫోన్లు మార్చేవాళ్లు ఈ లెక్క తప్పకుండా వేసుకోవాలి.

అమెరికాలో ఉన్న మా అన్నయ్య వస్తున్నాడు. అక్కడి నుంచి తెప్పించుకుంటే లాభమా?

పెద్దగా లేదు. 799 డాలర్లు పన్ను లేని ధర. డాలస్‌లో కొంటే 8.25 శాతం సేల్స్ ట్యాక్స్ కలిసి 865 డాలర్లవుతుంది. విడుదల నాటి రేటుకు సుమారు 74,000. మిగిలేది ఆరు వేలు. ఆ ఆరు వేల కోసం చిన్న బ్యాటరీ వస్తుంది, ఇక్కడ వారంటీ చెల్లుతుందో లేదో టెన్షన్ ఉంటుంది. రూపాయి పడిపోయే కొద్దీ ఆ ఆరు వేలు కూడా కరిగిపోతాయి. సేల్ ధరతో పోలిస్తే నష్టమే. అన్నయ్యను వేరే ఏదైనా తెమ్మనండి.

ముప్పై వేల 3ఎ ప్రో ఉండగా ఇది ఎందుకు?

2025 మార్చిలో 29,999కి వచ్చిన ఫోన్ 3ఎ ప్రోలో కూడా 3ఎక్స్ పెరిస్కోప్ ఉంది, ఎసెన్షియల్ కీ ఉంది, పాత గ్లిఫ్ చారలూ ఉన్నాయి. లేనివి పెద్ద చిప్, వైర్‌లెస్ చార్జింగ్, ఐపీ68, పెద్ద సెన్సర్. ఈ నాలుగూ కలిపి యాభై వేలు చేస్తాయా అన్నది మీ జేబును బట్టి ఉంటుంది. ఒక తేడా మాత్రం చెప్పాలి. ఫ్లాగ్‌షిప్ కాని ఫోన్లలో బయటి యాప్‌లు ముందే వేసి ఇస్తామని, లాక్ స్క్రీన్ మీద వేరే సమాచారం చూపించే సదుపాయం తెస్తామని 2025 అక్టోబరులో కంపెనీ ప్రకటించింది. తక్కువ ధర ఫోన్లలో లాభం సన్నగా ఉంటుందన్నది వాళ్లు చెప్పిన కారణం.

ఫోన్ 4 వచ్చేదాకా ఆగమంటారా?

2026లో కొత్త ఫ్లాగ్‌షిప్ తీసుకురామని, ఆ ఏడాది కూడా ఫోన్ 3యే తమ పై ఫోన్‌గా ఉంటుందని కార్ల్ పే 2026 జనవరిలో చెప్పాడు. మెమొరీ చిప్‌ల ధరలు పెరగడంతో రాబోయే ఫోన్ల ధరలు కూడా పెరుగుతాయని అప్పుడే హెచ్చరించాడు. కాబట్టి ఫోన్ 4 కోసం ఆగడంలో అర్థం లేదు. ఆగాల్సింది సేల్ కోసం. యాభై వేల లోపు దొరికితే కొనొచ్చు, డెబ్బై పైన అడిగితే అదే డబ్బుకు వేరే ఫోన్లు చూడండి. కొనే ముందు మీకు దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఉందో లేదో కంపెనీ సైట్‌లో చూసుకోండి. జిల్లాల్లో ఉండేవాళ్లకు ఇది చిప్ కంటే ముఖ్యం.